ఇసుక పడ్డ వడియాలు

ఇవాళ ఈ ఎడారి నగరంలో, వెస్ట్ బేలోని మా ఆఫీసు కిటికీ బయట ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. ఆ దుమ్ము వాసనకి సరోజత్తయ్య వడియాలు గుర్తొచ్చాయి.

చిన్నప్పుడు ఇదే ఊళ్లో, ఉమ్ ఘువైలినా అనే పేటలో ఆవిడది మా పక్క ఫ్లాటు. ఎయిర్‌పోర్టులో పనిచేసే నాన్న, పైలట్లకిచ్చే వాతావరణ కాగితాలు తెచ్చి వాటిలో కోడ్‌లు చదవడం నేర్పేవారు. ఆర్ ఏ అంటే వాన.

ఒక శుక్రవారం అత్తయ్య గుమ్మడి వడియాల పిండితో వచ్చింది.

"డాబా మీద పెట్టుకోనా? చూసి చెప్పవే."

కాగితంలో బి ఎల్ ఎస్ ఏ అని ఉంది. అది నాకింకా రాదు. రాదని చెప్పడానికి నామోషీ.

"వాన లేదత్తయ్యా, పెట్టేయండి!"

మధ్యాహ్నం ఇసుక గాలి లేచింది. వడియాలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి.

"పిల్ల సరిగ్గానే చదివింది అన్నయ్యా, మీ కాగితమే తప్పు," అంది అత్తయ్య.

నాన్న కాగితం చూశారు, నన్ను చూశారు. "ఒక్కోసారి మా లెక్క తప్పుతుందమ్మా," అన్నారు.

మర్నాడు ఏమీ జరగనట్టే, ఆ నాలుగక్షరాలంటే ఎగిరే ఇసుక అని నేర్పారు.

అత్తయ్య ఇప్పటికీ ఫోన్‌లో, "మీ నాన్న కాగితం ఎంత పని చేసిందే!" అని నవ్వుతుంది.

నేను ఊఁ కొడతాను.