రెండు కొసలూ వదిలేసిన కంచె

కంచె పని పూర్తయిన మూడో రోజునే అసిరమ్మ ఆ మాట అంది. విన్నది ఇద్దరే. ఒకరు కంపెనీ రైలు లైను చూసే ఇంజనీరు దేవీప్రసాద్, రెండోవాడు ఆయనకు గొడుగు పట్టుకుని నిలబడ్డ మేస్త్రి.

"బాబూ, కంచె బాగుంది. గానీ గేటు కాడ రెండు కొసలూ వదిలేసినారు. గొడ్డు లోపలికెల్తే మరి బయటికి రాలేదు."

దేవీప్రసాద్ నవ్వాడు. "గొడ్లు లోపలికి వెళ్ళకుండా వేసిందే కదమ్మా కంచె" అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

అది 1998 వేసవి. హార్బరు నుంచి బొగ్గు తెచ్చే ఆ లైను, గాజువాక అవతల కంపెనీ యార్డులో ఆగిపోతుంది. లైనును అడ్డంగా కోస్తూ ఒక రోడ్డు, ఆ రోడ్డు మీద అసిరమ్మ గేటు. గేటుకు ఇటు వాడ, అటు గెడ్డ అనే చిన్న వాగు దాటితే గడ్డి దొరికే పల్లపు భూములు. వాడలోని పశువులన్నీ పొద్దున అటు వెళ్ళాలి, సాయంత్రం ఇటు రావాలి. మధ్యలో పట్టాలు దాటక తప్పదు.

అసిరమ్మ పుట్టిల్లు పెందుర్తి దగ్గర. నడక వచ్చిన నాటి నుంచీ గేదెల వెనక తిరిగిన మనిషి. మొగుడు జగ్గారావు కంపెనీ లైనులో పట్టాలు బాగుచేసే గ్యాంగుమనిషిగా చేస్తూ కామెర్లతో పోతే, ఆ ఉద్యోగం బదులు ఆమెకు గేటు ఇచ్చారు. ఫోను మోగితే గేటు దించాలి, బండి వస్తే జెండా చూపించాలి, వెళ్ళాక గేటెత్తాలి. గేటుకు వచ్చిన ఈ నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా గేటు దించడం మరచిపోలేదు.

పశువు ఎలా నడుస్తుందో ఆమెకు తెలుసు. రోడ్డు మీద పోతూ పోతూ పక్కన పచ్చగా కనబడితే తల అటు తిప్పుతుంది. ఒకటి తిప్పితే మిగతావి వెనకే. కంచె లేని రోజుల్లో పట్టాల మీదికి వెళ్ళినా, బండి చప్పుడు వినగానే కట్ట దిగి పక్కకు పోయేవి. ఇప్పుడు పట్టాలకు రెండు పక్కలా మైలు పొడుగున ఇనప కంచె. రోడ్డు దగ్గరకు వచ్చేసరికి కంచె ఆగిపోయింది. అంటే రోడ్డు మీంచి పట్టాల దారిలోకి తిరగడానికి అడ్డేమీ లేదు, తిరిగాక పక్కకు దిగడానికి దారీ లేదు. పైగా లోపల ఏ పశువూ మేయని గడ్డి.

ఆమె చిన్నప్పుడు మేనమామ ఊళ్ళో, కొత్తవలస వైపు, ఒక గేటు చూసింది. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా పట్టాల కింద గొయ్యి తవ్వి, పైన ఇనప కమ్మీలు ఎడంగా పరిచేవారు. గొడ్ల గొయ్యి అనేవారు దాన్ని. మనిషి చూసుకుని అడుగు వేయగలడు. గిట్ట ఉన్న జంతువు మాత్రం కమ్మీల మధ్య కాలు దిగబడుతుందని ఆగిపోతుంది. అలాంటిది ఇక్కడ రెండు కావాలి. అదీ ఆమె చెప్పబోయింది. జీపు ఆగలేదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున, నూకాలు గేదెలు లోపలికి వెళ్ళాయి. నూకాలు వాడలో పాలు పోసే మనిషి, అసిరమ్మను అక్క వరసలో అప్పా అని పిలుస్తాడు. ఎనిమిది గేదెలను తోలుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. ముందున్న రెండు చూడి గేదెలు కుడివైపు తిరిగి కంచెల మధ్యన పడ్డాయి. అతను వాటి వెనక పరిగెత్తాడు. పరిగెత్తేకొద్దీ అవి ఇంకా ముందుకు పోయాయి. అప్పుడే ఫోను మోగింది. బండి అప్పటికే హార్బరు గేటు దాటింది.

యార్డులోకి వెళ్ళేటప్పుడు ఇంజను వెనక ఉండి పెట్టెలను తోస్తుంది. డ్రైవరుకు ముందేముందో కనబడదు. ముందు పెట్టె మీద గార్డు జెండాలు పట్టుకుని నిలబడతాడు, అంతే. అసిరమ్మ గేటు దించేసి, ఎర్రజెండా ఊపుతూ బండికి ఎదురు పరిగెత్తింది. గార్డు చూశాడు, విజిలు ఊదాడు, తనూ జెండా ఊపాడు. వెనకనున్న డ్రైవరుకు అది అందేసరికి, అంత బరువు బండి ఆగేసరికి, పెట్టెలు గేటు దాటి చాలా దూరం పోయాయి. నూకాలు కంచె ఎక్కి బతికాడు. గేదెలు కంచె ఎక్కలేవు కదా.

అతను అరవలేదు, తిట్టలేదు. కంచెకు ఆనుకుని కూలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అసిరమ్మ నీళ్ళు తెచ్చి ఇస్తే తాగలేదు.

"కంచె నేకపోతే బతికీవి గదప్పా" అన్నాడు.

వారం తిరగకుండా అసిరమ్మకు మెమో వచ్చింది. గేటు దగ్గర పశువులను లైను మీదికి వదిలినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

హాజరు వేసే టైమాఫీసులో గుమస్తా గంగాధరరావు చేత ఆమె జవాబు రాయించింది. గొడ్ల గొయ్యి సంగతి కూడా అందులో రాయమంది. ఆయన కలం ఆపి చూశాడు.

"అడిగింది సంజాయిషీ. సలహా కాదు కదా, అప్పా."

"రెండూ రాయి బాబూ. ఒకటి సదవకపోయినా ఇంకోటి సదువుతారు."

ఏదీ చదివినట్టు లేదు. రెండు నెలలు చూసి అసిరమ్మ తనకు చేతనయింది తను చేసింది. గెడ్డ ఒడ్డున తుమ్మకంపలు నరికించి, గేటుకు రెండు పక్కలా పట్టాలకు అడ్డంగా పరిచింది. బండి ఫోను రాగానే కంప లాగెయ్యాలి, గేటు దించాలి, బండి వెళ్ళాక గేటెత్తి మళ్ళీ కంప వెయ్యాలి. రోజుకు ఆరేడు సార్లు. అరచేతుల నిండా ముళ్ళు. అన్నం కలుపుకుంటే కారం మండి, చెంచాతో తినడం అలవాటు చేసుకుంది. కానీ నాలుగు నెలలపాటు ఒక్క పశువూ లోపలికి పోలేదు.

ఐదో నెలలో దేవీప్రసాద్ పట్టాల మీద తనిఖీ ట్రాలీలో వస్తూ ఆ కంప చూశాడు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. ముఖం మాత్రం ఎర్రబడింది.

"లైను మీద అడ్డం పెట్టడమంటే ఏమిటో తెలుసా నీకు? రేపు నువ్వు తియ్యడం మరచిపోతే?"

"నాను మరిసిపోను బాబూ."

"నువ్వు కాకపోతే ఇంకో డ్యూటీవాడు. రూలు రూలే. తీసెయ్."

"తీసెత్తాను. మరి గొయ్యి తవ్వించండి."

"ఎస్టిమేటు పైకి పంపానమ్మా. రావాలి కదా" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉన్నట్టే ఉంది. కొంత మాట దాటెయ్యడం. కంప గ్యాంగువాళ్ళే లాగి తగలబెట్టారు. రెండో మెమో అప్పుడు వచ్చింది.

ఆ తరవాత రెండేళ్ళలో ఎన్ని పశువులు పోయాయో కంపెనీ లెక్కలో ఉండదు. వాడలో వాళ్ళకు పేర్లతో సహా తెలుసు. చిలకమ్మ అనే ఆమె పెయ్య పోయిన రోజున గేటు గది ముందుకొచ్చి, "నీ కళ్ళు ఏటి సేత్తన్నాయే, కంపెనీ కూడు తిని మూసుకుపోనాయా" అని వాడంతా వినేలా అడిగింది. అసిరమ్మ తలుపు వేసుకుంది. ఆ మధ్యాహ్నం వచ్చిన బండికి ఎప్పటిలాగే పచ్చజెండా చూపించింది. కంపెనీ ఆమెను మెమోలతో కొడుతోంది, వాడ మాటలతో కొడుతోంది. ఇద్దరికీ ఆమె చెప్పేది ఒకటే మాట, ఇద్దరూ వినరు. వాడవాళ్ళు కంచెను రెండుచోట్ల కోసి పశువులు బయటికి రావడానికి సందులు చేశారు. కంపెనీ వాటిని మూయించి నూకాలు మీద పోలీసు కేసు పెట్టింది.

2001లో ఒకే బండి కింద ఐదు ఆవులు పడ్డాయి. ఒక పెట్టె పట్టా తప్పింది. ఒక పూటంతా యార్డుకు బొగ్గు ఆగిపోయింది. గేదెలు పోయినప్పుడు రాని ఆఫీసర్లందరూ అప్పుడొచ్చారు. ఎంక్వయిరీ పెట్టారు. ఆఫీసు గదిలో బల్లకు అవతల ముగ్గురు, ఇవతల నిలబడి అసిరమ్మ.

"గేటు తెరిచి ఉన్నప్పుడు ఆవులు లైను మీదికి వెళ్ళాయి. నువ్వు చూశావా?" నడుమ కూర్చున్నాయన అడిగాడు.

"సూసినాను బాబూ. రెండు తోలినాను. ఐదెల్లిపోనాయి."

"అంటే ఆపలేకపోయావు."

"నానొక్కర్తిని. అయి మూడేపులా వొత్తాయి. ఎలక బోను ఎలా సేత్తారు బాబూ? అన్నేపులా మూసి ఒకేపు తెరుత్తారు. మీరు గొడ్లకి కంచె కట్నేదు, బోను కట్టినారు. మూడేళ్ళ బట్టి సెప్తన్నాను."

ఆయన రాసుకుంటున్నవాడల్లా కలం ఆపి, "అడిగినదానికి మటుకు చెప్పు" అన్నాడు. రిపోర్టులో 'గేటు సిబ్బంది నిర్లక్ష్యం' అని వచ్చింది. పదిహేను రోజులు సస్పెన్షను. ఆ పదిహేను రోజులూ ఆమె ఇంట్లో కూర్చుని, బండి కూత వినబడినప్పుడల్లా లేచి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ లోపలికి పోయేది.

పెట్టె పట్టా తప్పడం వల్ల ఒక మేలు జరిగింది. ఎస్టిమేటు మంజూరై వచ్చింది. 2003 మొదట్లో గేటుకు తూర్పు పక్కన మాత్రం పట్టాల కింద గొయ్యి తవ్వి, సిమెంటు చేసి, దాని మీద ఇనుము బిగించే పని ఆటోనగర్‌లో వెల్డింగు షాపున్న పోలిరాజుకు ఇచ్చారు. అతను తెచ్చి బిగించినదాన్ని అసిరమ్మ కాలితో తట్టి చూసింది. కమ్మీలు కావు, ఇనప రేకు. గోతిని మూతలా కప్పేసింది.

"ఇదేటి, బాబూ? దీని మీద గేదె ఎల్లిపోదా?"

"డ్రాయింగులో రేకే ఉంది, పిన్నీ. మనిసి కాలు జారి పడతాడని సేఫ్టీవోళ్ళు మార్సినారట. నానేటి సేత్తాను."

మర్నాడు పొద్దున్నే నూకాలు గేదె ఆ రేకు మీద నుంచి టకటకా నడిచి కంచెల మధ్యకు వెళ్ళింది. అసిరమ్మ, నూకాలు, ఇద్దరు దారినపోయేవాళ్ళూ కలిసి దాన్ని బయటికి లాక్కొచ్చారు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి అసిరమ్మ నేరుగా ఆటోనగర్ వెళ్ళింది. షాపులో రంపాల చప్పుడు మధ్య పోలిరాజు ఎదురుగా నిలబడి, ఐదేళ్ళ సంగతీ మొదటి నుంచి చెప్పింది. ఏడవలేదు. గొంతు మాత్రం పెద్దదైంది.

పోలిరాజు రంపాలు ఆపించి విన్నాడు. వాళ్ళమ్మకూ ఒకప్పుడు పశువులుండేవి. "ఆదోరం బండ్లుండవు గదా" అన్నాడు చివరికి.

ఆదివారం గ్యాసు కట్టరు తెచ్చాడు. రేకును అడ్డంగా చారలు చారలుగా కోసి, గిట్ట దిగబడేటంత సందులు చేశాడు. మిగిలిన ముక్కలతో, షాపులో పడున్న పాత ఎల్ ఆకారపు ఇనప యాంగిళ్ళతో పడమర పక్కకు కూడా ఒక చట్రం చేశాడు. గొయ్యి తవ్వే పని లేకుండా, యాంగిళ్ళ అంచులు పైకి ఉండేలా, పట్టా ఎత్తు దాటకుండా, పట్టాల కింది స్లీపర్ల మీద పరిచాడు. బిగించడానికి గ్యాంగులో ఇద్దరు వచ్చారు. నూకాలు, వాడవాళ్ళు బరువులు మోశారు. చిలకమ్మ అందరికీ టీ తెచ్చింది, అసిరమ్మ ముఖం చూడకుండా గ్లాసు చేతికిచ్చింది.

సోమవారం పొద్దున అసిరమ్మ మంద రాకముందే వచ్చి గేటు గది ముందు నిలబడింది. ఏ పశువైనా కాలు విరగ్గొట్టుకుంటే ఉద్యోగమే కాదు, వాడలో మొహమూ ఉండదు. మంద వచ్చింది. ఒక ముసలి గేదె ఎప్పటిలా పక్కకు తిరిగింది. కమ్మీల దాకా వచ్చి వాసన చూసింది. ముందు కాలు ఒకటి ఎత్తి, పెట్టబోయి, వెనక్కి తీసుకుంది. కాసేపు అలాగే నిలబడి, తల తిప్పి, మంద వెనకే రోడ్డున పడి వెళ్ళిపోయింది.

నూకాలు ఆమె వైపు చూశాడు. ఆమె జెండా కర్ర మీద చెయ్యి బిగించి, గేటు గది మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ వారంలోనే అనుమతి లేకుండా కంపెనీ సొత్తు కోశారని మూడో మెమో వచ్చింది. పోలిరాజు బిల్లు ఆపారు. నెల తరవాత బయటి ఊరి నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ రెండు అడ్డాలూ చూసి బాగున్నాయన్నారు. దాంతో మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు, పోలిరాజు బిల్లు కదిలింది. ఆఫీసు గోడకు ఆ గోతి ఫోటో తగిలించారు. ఫోటో కింద దేవీప్రసాద్ పేరుంది. ఆయన సిగ్గుపడి ఒకసారి గేటు దగ్గర ఆగి, "నువ్వే కరెక్టు, అసిరమ్మా" అన్నాడు. జీపులోంచి దిగకుండానే అన్నాడు.

"మరి ఆ ఎంక్వయిరీ కాగితంలో నిర్లచ్చం అని రాసినారు గదా బాబూ. అది తీయించండి."

"అది పర్సనెల్ డిపార్టుమెంటు రికార్డు. నా చేతిలో లేదు."

తరవాత లైను మీద పశువు పడలేదు. 2007లో యార్డుకు బొగ్గు కన్వేయరు బెల్టు మీద తేవడం మొదలుపెట్టి, రైలు లైను ఆపేశారు. అసిరమ్మను స్టోర్సులో తుడిచే పనికి మార్చారు. అప్పటికి ఆమె ఆ కాగితం కోసం నాలుగు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు లేదు. ఐదోది రాయమని వెళ్తే గంగాధరరావు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"లైనే లేదు. గేటు లేదు. ఎప్పుడో జరిగిపోయింది. ఇంకా ఎందుకప్పా ఈ గొడవ?"

"జరిగింది ఎల్లిపోనాది బాబూ. రాసింది ఉండిపోనాది గదా. నాను గేటు సూసుకోనేదని ఉండిపోనాది."

ఆయన నిట్టూర్చి, సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. తేదీ వేశాడు. అసిరమ్మ స్టూలు దగ్గరకు లాక్కుని, కంచె వేసిన వేసవి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.