మా పత్తా మారింది

మా పెద్దత్తమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి లోపలికి వచ్చి, ఛాతీలో పట్టేసినట్టుందని గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఆయన ఆటో తెచ్చేలోపే ప్రాణం పోయింది. స్నానం చేయించేటప్పుడు వాడకట్టు ఆడవాళ్ళు కుంకుమ పెట్టాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముప్పై రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ పైకి అడగని ప్రశ్న అది. పెద్దల ముందు నాకు నోరు పెగలదు. లోపలికి వెళ్ళి భరిణె తెచ్చి నేనే పెట్టేశాను.

ఏడో తరగతితో బడి మానినదాన్ని. రాతలో తప్పులుంటే మన్నించండి. ఆమె గురించి నాలుగు మాటలు ఎక్కడైనా ఉండాలనిపించి రాస్తున్నాను.

పెద్దత్తమ్మ మా మామయ్యకు వదిన. మామయ్య అన్నను నేను చూడలేదు. మిలిటరీలో సిపాయి. బంగ్లాదేశ్ ఏర్పడిన యుద్ధంలో పడమటి సరిహద్దుకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి పెళ్ళై ఏడాదిన్నర. అప్పుడు మావాళ్ళు మహారాష్ట్రలో చంద్రాపూర్ పక్కన దుర్గాపూర్‌లో బొగ్గుగని క్వార్టర్‌లో ఉండేవారు. తంతి ఇంగ్లీషులో వస్తే పోస్టుమాస్టరు చదివి మరాఠీలో ఒకే మాట చెప్పాడట, బేపత్తా అని.

కనిపించకుండా పోయాడని దాని అర్థం. కానీ మా చంద్రాపూర్‌లో పత్తా అంటే ఉత్తరం మీద రాసే చిరునామా. చదువు రాని పెద్దత్తమ్మ, ఆయన దగ్గర మన ఇంటి పత్తా లేదు, అందుకే రాలేకపోతున్నాడు అని అర్థం చేసుకుంది. ఇల్లు ఆయనకు తెలియదా అని ఎవరో అంటే, "తలకు దెబ్బ తాకినోడు పేరే మరుస్తడు, పత్తా యాదుంటదా?" అందట.

యుద్ధం ఆగాక రెండు దేశాల పెద్దలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. మనకు చిక్కిన వాళ్ళ సిపాయిలను వేలకు వేలు వెనక్కి పంపించారు. మనవాళ్ళు కొందరు వచ్చారు. మామయ్య అన్న రాలేదు. ఆ తర్వాత మామయ్య నాన్న గనిలో రిటైరై, క్వార్టర్ వదిలి బాబుపేట్‌లో ఇల్లు కట్టారు. అప్పుడు పెద్దత్తమ్మకు భయం పట్టుకుంది. ఉన్న పత్తా కూడా పోయిందని.

నేను కాపురానికి వచ్చిన నాలుగో రోజున ఆమె నా చేతిలో పోస్టుకార్డు పెట్టింది. నేను ఆదిలాబాద్ వైపు పిల్లను, హిందీ అక్షరాలు బడిలో నేర్చుకున్నాను. మిలిటరీ ఆఫీసుకు రాయమంది. మా పత్తా మారింది, బాబుపేట్, పిండిగిర్నీ పక్క సందు, నీలం తలుపు. అలాంటిదే ఇంకో కార్డు పాత క్వార్టర్‌లో ఉన్నవాళ్ళకు, ఎవరైనా వచ్చి అడిగితే ఇటు పంపమని. ఏటా దీపావళి ముందు ఈ రెండు కార్డులూ రాసేదాన్ని. ఒకసారి తలుపుకు ఆకుపచ్చ రంగు వేశారు. మర్నాడే మళ్ళీ కార్డు రాయించింది.

కొత్త కోడలినని అందరూ నన్ను ఆట పట్టించేవారు. ఆమె ఒక్కతే పట్టించలేదు. నల్లా దగ్గర ఎవరైనా నా బిందె వెనక్కి నెడితే ముందుకు వచ్చి కొట్లాడేది. "నీకు రాతున్నది, నాకు నోరున్నది. ఇద్దరం కలిస్తే ఒక నిండు మనిషి పిల్లా" అనేది. కరెంటు కర్మాగారం బూడిద మా దండెం మీద బట్టలపై పడుతుంది. నా చీరలు కూడా ఆమే దులిపి మడత పెట్టేది.

మన ప్రధాని బస్సెక్కి పక్కదేశానికి వెళ్ళిన రోజు ఆమె వంట మానేసి పొరుగింటి టీవీ ముందు కూర్చుంది. తిరిగొచ్చే బస్సు నాగ్‌పూర్ దాకా వస్తుందా అని అడిగితే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ, ఆ సాయంత్రమే నాచేత ఇంకో కార్డు రాయించింది. ఎండాకాలం వచ్చేసరికి కొండల మీద మళ్ళీ యుద్ధం మొదలైంది. పెట్టెల్లో వచ్చిన పిల్లలను టీవీలో చూసి ఏడ్చింది. బస్సులో వెళ్ళినవాళ్ళు ఆయన మాట ఎత్తారో లేదో అని మాత్రం నన్ను అడుగుతూనే ఉంది.

రెండేళ్ళకు ఆ దేశం పెద్ద మన దేశానికి మాటలకు వస్తున్నాడన్నారు. ఆ వారం మరాఠీ పేపరులో పాత యుద్ధంలో జాడ లేకుండా పోయిన సిపాయిల పేర్లు వేశారు. ఈసారి మనవాళ్ళు వీళ్ళ గురించి అడుగుతారని రాశారు. నేను పేర్లన్నీ చదివాను. ఆయన పేరు లేదు. మళ్ళీ చదవమంది, చదివాను. సదువు తక్కువదానివి, నీ పెనిమిటితోని సదివిపియ్యి అంది. మా ఆయన వేలు పెట్టి వరసగా చదివాడు. లేదు.

రేపే ఆఫీసుకు పోయి అడుగుదాం అని ఆమె లేస్తుంటే, మంచం మీద ఉన్న మామయ్య, "పోకు వదినా" అన్నారు.

"ఎందుకు?"

"అండ్ల అన్న పేరుండదు. నాయినకు దమ్ము ముదిరి ఊపిరాడక డ్యూటీకి పోలేకపోతుండె. అన్న సచ్చిపోయిండని రాసిస్తేనే పింఛిని అన్నరు. రాసిచ్చిన. నీతోని సంతకం పెట్టించిన."

ఆ సంతకం ఆమెకు గుర్తుంది. సంతకం చేయడం నేర్పింది కూడా మామయ్యే. నెలనెలా వచ్చేది ఆయన జీతమే అని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది.

"అది పత్తా కాగితం అన్నవ్ గద తమ్మీ."

"అవును వదినా, అట్లనే చెప్పిన."

ఆమె అరవలేదు. "ఇన్నేండ్లు సర్కారు మరిచిందనుకున్న. ఇంట్లోడే సంపిండు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మామయ్యను అనే అర్హత నాకు లేదు. బేపత్తా అంటే ఏమిటో నాకు మొదటి కార్డు నాడే తెలుసు. చెప్పకుండా రాస్తూ పోయాను. ఆ మాట కూడా ఆమెకు చెప్పాను. "నువ్వు కూడానా" అంది. ఆ ఏడాది నన్ను కార్డు అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు.

కాగితం రద్దు చేయించాలని ఇద్దరం సిపాయిల ఇళ్ళవాళ్ళ బాగోగులు చూసే ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా ఫైలు తీసి, "మావశీ, మీరే రాసిచ్చారు కదా. పోయినవాణ్ణి మళ్ళీ బేపత్తా ఎలా చెయ్యను?" అన్నాడు. చెడ్డవాడు కాదు, మరాఠీలో పిన్నీ అనే పిలిచాడు, మాకు మంచినీళ్ళు ఇప్పించాడు. అదే వారం పెద్దలిద్దరూ టీవీలో చేతులు కలిపారు, కలిసి భోజనం చేశారు, ఏ ఒప్పందమూ లేకుండా విడిపోయారు. "కొట్లాడినప్పుడు మనోడు కావాలె. కలిసినప్పుడు మనోడు యాదికి రాడు" అంది పెద్దత్తమ్మ.

అప్పటి నుంచి ఆమె మామయ్యతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, ముఖం చూసేది కాదు. ఒకే ఇంట్లో మూడేళ్ళు అలా గడిచాయి.

ఈ ఎండాకాలం ముందు రెండు దేశాలకూ మళ్ళీ పొత్తు కుదిరింది. మన క్రికెట్ జట్టు అక్కడికి వెళ్ళింది. అప్పటికి మా ఇంట్లో కలర్ టీవీ ఉంది. ఆట అంటే ఏమిటో తెలియని పెద్దత్తమ్మ ప్రతి మ్యాచ్‌కూ వచ్చి కూర్చునేది. బంతి పడుతున్నంతసేపు కింద చూసేది. చూసేవాళ్ళ వైపు కెమెరా తిరిగిందంటే ముందుకు వంగేది. జెండాలు ఊపే పిల్లలను దాటి, వెనక వరసల్లో కూర్చున్న ముసలివాళ్ళను ఒక్కొక్కరినే చూసేది. "జర ఆగు, జర ఆగు" అని టీవీతో అనేది.

ఒక మధ్యాహ్నం కెమెరా ఎందుకో ఒక మూల చాలాసేపు ఆగింది. నెరిసిన గడ్డాలవాళ్ళు పది మంది దాకా ఉన్నారు. ఆమె కాసేపు చూసి తల ఇటు తిప్పింది. మంచం మీద మామయ్య ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలిక అంటారు, కానీ ఆమె ఎరిగింది పెనిమిటి పడుచు ముఖమే. మామయ్య నుదురు, చెంపల దగ్గర జారిన చర్మం, నెరిసిన మీసం, అన్నీ నిదానంగా చూసింది. మామయ్యకు అర్థమైంది. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ముఖం కదపకుండా కూర్చున్నారు. ఆమె చూడాల్సినంతసేపు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది.