నన్ను ఒగ్గేయకుండా పోయిన అప్ప

అప్ప పోయిందని ఆ ఆదివారం పొద్దున్న ఆమె కోడలు ఫోన్ చేసింది. "నిద్దర్లోనే ఎల్లిపోనారు పిన్నీ. టీ అట్టుకెల్లి లేపితే లేవనేదు" అంది. అప్పటికి నేను చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, అప్పతో బయలుదేరడానికే సిద్ధంగా ఉన్నాను. ఆ గొడుగుతోనే మంచం మీద కూలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "ఇంక నన్నెవరు విడిచిపెడతారు?" అని.

ఆ మాట మీకు అర్థం కావాలంటే మా సంఘం సంగతి చెప్పాలి. ఖరగ్‌పూర్‌లో వృద్ధాశ్రమాలు, ఎదుగుదల మందగించిన పిల్లల బడులు, ఇళ్ళకి ఆయాల్ని పంపే సెంటర్లు నడిపేవాళ్ళందరికీ కలిపి ఒక సంఘం ఉంది. దాని కింద కమిటీలు. జీతం లేదు, భత్యం లేదు, మెచ్చుకునేవాళ్ళు అసలే లేరు. వాటిలో సందర్శన కమిటీకి అప్ప పెద్ద. ప్రతి ఆదివారం ఒక సెంటర్‌కి వెళ్ళి, అక్కడి మనుషులు ఎలా ఉన్నారో చూసి రావడం ఆ కమిటీ పని. అప్ప ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరై, రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరసలోనే కొడుకు క్వార్టర్లో ఉండేది. తెలుగువాళ్ళకి అప్ప, బెంగాలీలకి దీదీ. ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేనెరగను.

నాది అలాంటి పిల్లల చిన్న బడి. సంఘంలో చేరిన కొత్తలో మీటింగులో లేచి, "కమిటీవాళ్ళు వస్తారు, టీ తాగుతారు, బాగుందంటారు, పోతారు. ఒక్కరైనా వంటింట్లోకి తొంగి చూశారా?" అని అడిగాను. హాలంతా చప్పట్లు. నా ధైర్యానికే అనుకుని మురిసిపోయాను. అప్ప లేచి నిలబడింది. "ఠీక్ హై. నోరెవులిదో పని ఆలదే. వొచ్చే ఆదివారం కాడ్నించి నువ్వు నాతో వొస్తన్నావు" అంది.

అది మా సంఘం ఆచారం. ఏ లోటు గురించి ఎవరు నోరు తెరిస్తే ఆ పని వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఆచారం తెలిసినవాళ్ళు మీటింగు నడిచినంతసేపూ ఫ్యాను వంకే చూస్తారు. సింగాడాలు, అదే సమోసాలు, వస్తే తప్ప నోరు తెరవరు. ఆ రోజు చప్పట్లు తప్పించుకున్నవాళ్ళవని నాకు ఆలస్యంగా తెలిసింది.

అప్పటినుంచి నాకు ఆదివారం లేదు. రైల్వే వర్క్‌షాపులో మా ఆయనకి సెలవు ఆ ఒక్కరోజే. మాంసం తనే తెచ్చి, తనే వండి, తనే తిని, నా వాటా గిన్నె మీద మూతపెట్టి పడుకునేవాడు. "నువ్వు మనువాడింది నన్నా, కమిటీనా?" అని మొదట్లో నవ్వుతూ అడిగేవాడు. తర్వాత్తర్వాత నవ్వకుండా అడిగాడు. ఆ తర్వాత అడగడమే మానేశాడు. నాకు ఆ మానేయడమే ఎక్కువ గుచ్చుకుంది.

అప్ప ఏ సెంటర్‌కి వెళ్ళినా ముందు ఆఫీసు గదిలో అడుగు పెట్టేది కాదు. ఆయా ఎక్కడ కూర్చుని అన్నం తింటుందో చూసేది. "ఆయాకి కూకోడానికి పీట నేని ఇంట్లో ముసిలోలకి పక్క పొడిగా ఉంటాదేటి?" అనేది. ఆయా కూర్చునేదాకా తను కూర్చునేది కాదు, ఇచ్చిన టీ చల్లారిపోయేది. ఆమె బెంగాలీ కూడా శ్రీకాకుళం యాసలోనే ఉండేది. విన్నవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, చెప్పిన పని మాత్రం చేసేవాళ్ళు.

పూరీ గేట్ వైపు ఒక ఆశ్రమంలో మగవాళ్ళ గదికి బయట గడియ ఉండేది. మధ్యాహ్నం ఆయా స్నానానికి వెళ్తే ఆ గడియ పెట్టేసేవాళ్ళు. "బయటికెళ్ళి దారి తప్పుతారు దీదీ, నేనేం చెయ్యను?" అన్నాడు ఆశ్రమం నడిపే ఆయన. చెడ్డవాడేం కాదు, పనికి మనుషులు చాలక అలా చేశాడు. అప్ప చెప్పులు విడిచి ఆ గదిలోకి వెళ్ళి, ఒక మంచం మీద కూర్చుని, "గడియెట్టియ్యే" అంది నాతో. పెట్టాను. పిలిస్తే పలకదు, రమ్మంటే రాదు. ఆయన బతిమాలి బతిమాలి, ఆఖరికి తలుపు మార్పిస్తానని మాటిచ్చాక అప్పుడు తియ్యమంది. బయటికొచ్చేసరికి ఆమె జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"బయమేసినాదే" అంది ఆటోలో. "గది సూసి కాదు. నానున్నంతసేపూ ఒక్కడూ తలుపు కేసి సూడనేదు. అలవాటైపోనాది ఆలకి."

తర్వాత ఆ తలుపుని సగానికి కోయించారు. వీధి కనిపించేలా పైసగం తీసేసి, కిందిసగానికి గడియ లోపలివైపు పెట్టించారు. పక్కన ఆయాకి ఒక స్టూలు. ఆ గదిలో రైల్వే గేట్‌మేన్‌గా చేసి దిగిన ముసలాయన ఒకడుండేవాడు. "జీవితమంతా గేటు సూసినోడివి. ఇదీ నీ డ్యూటీయే మావా" అని గడియ ఆయనకి అప్పజెప్పింది అప్ప. ఆయన ఆ రోజునుంచి గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

"నన్ను ఒగ్గేయ్ అప్పా" అని, విడిచిపెట్టమని ఎన్నిసార్లు అడిగానో. "నీ సోటుకి ఇంకో నోరు తే, ఎల్లిపో" అనేది. ఒకసారి గోల్‌బజార్లో చేపలు బేరమాడుతుంటే మళ్ళీ అడిగాను. చేప కింద పెట్టేసి నా వంక చూసింది. "నానూ ఒక్కసారే నోరు తెరిసినాను. మీటింగులో ఆయాల్ని నిలబెడతారేటని అడిగినాను. అప్పుట్నించీ ఇదే. పలాసలో సెల్లి రమ్మంటంది. ఎల్లనిస్తారేటి?" అంది. అప్పుడు చూశాను, గడియ అవతల ఆమె కూడా ఉందని. మళ్ళీ చేప చేతిలోకి తీసుకుని, "ఉగాదెల్లనీ. మీటింగులో నానే సెప్తాను, దీన్ని ఒగ్గేసినానని" అంది. ఆ మాట పట్టుకుని మా ఆయనకి ఆదివారాలు మాటిచ్చేశాను. ఉగాది రాకుండానే అప్ప పోయింది.

సంతాప సభకి వెళ్ళేటప్పుడు నోట్లో వక్కపలుకు వేసుకున్నాను, మాట్లాడకుండా ఉండడానికి. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, "నోరిప్పకు" అన్నాడు. మౌనం పాటించాం. తర్వాత ప్రెసిడెంటు దాదా, "ఇక సందర్శన కమిటీ ఎవరు చూస్తారు?" అన్నాడు. అందరూ ఫ్యాను వంక చూశారు. నేనూ చూశాను. అక్కడ చూడడానికి ఏమీ లేదు, మెడ నొప్పి తప్ప. మెడ దించితే కిటికీ కనిపించింది. కిటికీ అవతల వరండాలో ఆయాలు రజనీగంధ పూలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కుర్చీలు చాల్లేదని ఎవరో వాళ్ళని బయటే ఆపేశారు. పూరీ గేట్ ఆయా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. ఒక్కతీ లోపలికి చూడడం లేదు.

వక్కపలుకు ఉమ్మేశాను. "ఆలు నిలబడుంటే మనం కూకుని ఏడుస్తన్నాం. లెగండి కొందరు" అన్నాను.

లేచారు. ఎంత సంతోషంగా లేచారో! ఆయాలు లోపలికి వచ్చి కూర్చున్నారు. దాదా నా వైపు తిరిగి, "ఠీక్ హై" అన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక మా ఆయన నా మొహం చూసి గిన్నెకి సరిపోయే మూత వెతకడం మొదలుపెట్టాడు. నాకు అప్ప మీద పట్టరానంత కోపం వచ్చింది, ఆ కోపంలోనే భోరుమని ఏడ్చాను.

మరుసటి ఆదివారం ఒక్కదాన్నే పూరీ గేట్ వెళ్ళాను. సగం తలుపు అవతల గేట్‌మేన్ మావ నున్నగా గీసుకున్న గడ్డంతో నిలబడి ఉన్నాడు. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూశాడు.

"అప్ప డ్యూటీ దిగిపోనాదటగా. ఇంక నీదేనేటి?"

"నాదే మావా."

గడియ తీశాడు. నేను లోపలికి వెళ్ళాక, తలుపు దగ్గరికి లాగి, గడియ పడిందో లేదో రెండోసారి కదిపి చూసుకున్నాడు.