తెల్లవారితే సోమవారం

ఊర్మిళకు చప్పుళ్ళన్నీ ఒకే ఎత్తులో వినబడతాయి. ఫ్యాను తిరగడం, మెట్టుగూడ రోడ్డు మీద బస్సు హారన్, పక్కగదిలో ప్రింటింగ్ మిషన్ ఊపిరి, ఎవరో తన పేరు పిలవడం. ఏది దగ్గరిదో ఏది దూరానిదో మనసు వేరు చేయదు. అన్నిటి వెంటా ఒక్కసారే పరుగెడుతుంది. చేతిలో ఉన్న పని మాత్రం నీళ్ళలో వదిలిన కాగితంలా మెల్లగా దూరమవుతుంది.

బడిలో దీన్ని అల్లరి అన్నారు. ఇంట్లో సోయి లేదన్నారు. పెళ్ళయ్యాక భర్త దయాకర్ "నీకు ధ్యాస లేదు, గంతే" అని తేల్చేశాడు. నిరుడు ఒక డాక్టరమ్మ చాలాసేపు ఓపిగ్గా విని, దానికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పింది. ఊర్మిళ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్ళూ తిట్లుగా మోసినదానికి ఒక పేరుందని తెలిసిన ఏడుపు అది.

పెళ్ళికార్డుల దుకాణంలో ఆమె పని కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చడం. యజమాని రామభద్రరావు విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మాట మెత్తన. మాత్రలు మొదలుపెట్టిన వారంలోనే ఊర్మిళ ఆయనకు తన జబ్బు సంగతి చెప్పి ఒక్కటే అడిగింది. ఆఖరి ప్రూఫు చూసేటప్పుడు తన గది తలుపు వేసుకుంటానని, అయ్యేదాకా పిలవొద్దని.

"అదేం జబ్బమ్మా? నేను కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాను. అయితే నాకూ ఉన్నట్టేగా!" అన్నాడాయన.

"లైట్ తీస్కో అక్కా, అందరికి ఉండేదే" అన్నాడు కౌంటర్ దగ్గరి సత్యదేవ్.

ఇద్దరూ నవ్వారు. తలుపు తెరిచే ఉండిపోయింది.

ఆ రోజు పని మల్కాజ్‌గిరి శ్యామలమ్మ కూతురి పెళ్ళికార్డు. ప్రూఫు చూసి వాళ్ళు సరేనన్నారు. తీరా అచ్చుకు వెళ్ళే ముందు, మేనమామ పేరు కూడా వేయమని ఫోను చేశారు. పేరు చేరితే చోటు చాలలేదు. ముహూర్తం వాక్యాన్ని రెండు వరుసలుగా విరవాల్సి వచ్చింది.

"ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం 2.40 గంటలకు."

అర్ధరాత్రి దాటాక వచ్చే ముహూర్తాన్ని కార్డుల మీద అలాగే రాస్తారు. తెల్లారనిదే మనకు రోజు మారదు కదా. ఊర్మిళకు ఆ మాటంటే ఇష్టం. రెండు రోజుల నడుమ ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది.

వాక్యంలో "ఆదివారం రాత్రి తెల్లవారితే" అన్న ముందు భాగాన్ని కత్తిరించింది. పై వరుసలో అతికించబోయింది.

"ఊర్మిళా, ఒక్క నిమిషం! వీరి గృహప్రవేశం అడ్రసు కాస్త వాట్సప్ చేసెయ్యమ్మా." కౌంటర్ దగ్గర ఎవరినో కూర్చోబెట్టుకుని రామభద్రరావు కేకేశాడు.

కూర్చున్నచోటి నుంచే ఆ అడ్రసు కాపీ చేసి పంపింది. కంప్యూటర్ ఒకసారికి ఒక్కదాన్నే గుర్తుంచుకుంటుంది; అంతకుముందు కత్తిరించిన మాటలు దాని కింద మునిగిపోయాయి. మళ్ళీ కార్డు వైపు తిరిగితే నిండుగా, అందంగా కనిపించింది. అచ్చుకు పంపేసింది.

సాయంత్రం శ్యామలమ్మ కొడుకు వచ్చి కార్డుల కట్టలు తీసుకెళ్ళాడు. కాసేపటికి ఊర్మిళ టీ గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. అతికించానా?

కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. తెర మీద "సోమవారం 2.40 గంటలకు" అని మాత్రమే ఉంది. చుట్టాలు సోమవారం మధ్యాహ్నం దిగుతారు. అప్పటికి పిల్ల అత్తారింటికి వెళ్ళిపోయి ఉంటుంది.

శ్యామలమ్మ వాళ్ళకు ఫోను చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇవాళే కొన్ని కార్డులు కరీంనగర్ పోతాయని ఆ అబ్బాయి అన్నాడు. ఊర్మిళ ఆటో ఎక్కింది. వంతెన దగ్గర బండ్లు కదల్లేదు. లోకమంతా ఒకే హారన్ అయి ఆమె చెవిలోకి దూరింది.

శ్యామలమ్మ చాప మీద కూర్చుని కార్డుల అంచులకు పసుపు రాస్తోంది. కొడుకు సంచి భుజాన వేసుకుని చెప్పులు తొడుగుతున్నాడు.

"ఆగన్నా! అమ్మా, కార్డుల తప్పు పడ్డది. నాతోనే అయింది."

శ్యామలమ్మ పసుపు వేలు ముహూర్తం మీద జరిగింది, ఆగింది. "తెల్లవారితే ఏదీ?"

"పడలే."

"పెండ్లి కార్డు చేసేదానివి, గింత సోయి లేకపోతే ఎట్ల?"

"నాకు ఏడీహెచ్‌డీ అని ఉందమ్మా. మందులు వాడుతున్న."

శ్యామలమ్మ దుకాణానికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. రామభద్రరావు గొంతు తేనెలా వచ్చింది. "కంగారు పడకండి అమ్మగారూ. మా అమ్మాయికి కాస్త పరధ్యానం. దానికి ఇంగ్లీషులో ఓ పేరు పెట్టుకుంది. పెన్నుతో దిద్దుకుంటే సరిపోతుంది."

"శుభమా అని పిల్ల పెండ్లి చేస్తుంటే కొట్టివేతలా సారూ?" అంది శ్యామలమ్మ. ఊర్మిళ వైపు తిరిగింది. "నీకు రోగమున్నది ఎరికే గదా. మరి గీ పనెందుకు చేస్తున్నవ్?"

ఒకరికి అది ఏమీ కాదు. ఇంకొకరికి ఆమె అంటే అదే. ఆ రెండు మాటల మధ్య ఆమెకు కాలు మోపే చోటు కూడా దొరకలేదు.

"పని నాకు మంచిగొస్తదమ్మా. నడిమిట్ల పిలిస్తేనే చేతులకెళ్ళి జారిపోతది. పిలవొద్దని సార్‌కు చెప్పిన."

"ఏమన్నడు?"

"నవ్విండు."

ఫోన్ ఇంకా స్పీకర్ మీదే ఉంది. ఊర్మిళ దాని వైపు వంగింది.

"సార్, ఇప్పుడే వచ్చి మళ్ళీ చేస్తా. గది తలుపు పెట్టుకుంటా. అయ్యేదాక ఎవరూ పిలవొద్దు. పిలిస్తే లేచి ఇంటికి పోత."

"నన్నే బెదిరిస్తున్నావా అమ్మాయ్?" తేనె ఇంకిపోయింది. "ముందు రా. కార్డులు అయ్యాక నీ సంగతి తేలుద్దాం."

"ఆమె చెప్పినట్టే కానియ్యి సారూ, మాకు కార్డులు గావాలె" అని ఫోన్ పెట్టేసింది శ్యామలమ్మ. ఊర్మిళతో, "పొయ్యిరా. ఈసారి సుత తప్పు పడితే ఊకోను" అంది.

ఆటో దుకాణం ముందు ఆగింది. ఊర్మిళ తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టింది. చప్పుళ్ళు తలుపు అవతల గుంపుగా నిలబడ్డాయి. ఆమె అక్షరం వెంట అక్షరం నడిచింది, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు.

తలుపు మీద వేళ్ళ చప్పుడు. "ఊర్మిళా, ఒక్క నిమిషం."

వేళ్ళు మౌస్ మీద బిగుసుకున్నాయి. కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. నేలకు అదిమిపెట్టింది. ఇంటికి పోవడమైనా కార్డు అయ్యాకే.

"ఊర్మిళా! నిన్నేనమ్మా."

ఆమె "ఆదివారం రాత్రి తెల్లవారితే" నుంచి వాక్యాన్ని చివరిదాకా, పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటికి వచ్చింది. తలుపు కింది సందులో ఆయన చెప్పుల నీడ అలాగే నిలబడి ఉంది.