ఓబులేసు వెనక కూర్చున్నవాళ్లు

కోవిడ్‌కు ముందు ఏడాది అల్ దోహా అల్ జదీదాలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో సైకాలజిస్టుగా చేరాను. నా పై అధికారి డాక్టర్ వసుంధర. నాకు తెలిసి దోహాలో తెలుగులో మనోవిశ్లేషణ మొదలుపెట్టింది ఆవిడే. ఆవిడ పోయాక సంతాప సభలో నేను మాట్లాడుతూ, వియన్నా గురువుల పద్ధతిని డాక్టరుగారు జీవితమంతా వెంట్రుకవాసి కూడా దాటలేదన్నాను. అది నిజం కాదు. ఈ మధ్యే ఉద్యోగం వదిలేశాను కాబట్టి జరిగింది రాస్తున్నాను.

ఆ పద్ధతిలో రోగి సోఫా మీద పడుకుంటాడు. వైద్యుడు అతని తల వెనక, కనపడకుండా కూర్చుంటాడు. రోగి తోచిందల్లా చెప్పాలి. వైద్యుడు చాలాసేపు పలకడు. ముఖం కనిపించకపోతే మాట దాచుకోవాలనిపించదని నమ్మకం.

ఓబులేసు కడప జిల్లా నుంచి వచ్చిన హౌస్ డ్రైవర్. యజమాని పిల్లల్ని కారులో బడికి తీసుకెళ్లేటప్పుడు స్టీరింగ్ మీద చేతులు బిగుసుకుపోయేవి. పరీక్షల్లో ఏమీ తేలలేదు. కారణం తెలియకపోతే ఇంటికి పంపేస్తానని అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ముందే చెప్పాడు.

శిక్షణ కోసం నేను ఓ మూల కూర్చునేవాణ్ణి. రెండు మూడు సిట్టింగులు అతను నోరు విప్పలేదు. ఒకసారి మాత్రం, "యాడికి పోవాల మేడమ్?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. డాక్టరుగారు నవ్వలేదు.

"అతని ఉద్యోగమంతా వెనక సీటు మాట వినడమే కదయ్యా. మనమూ అక్కడే కూర్చున్నాం. ఈసారి ముందు నేను కూర్చుంటాను," అన్నారు తర్వాత.

"పద్ధతి పోతుంది మేడమ్."

"పోనీ. అతను పోకుండా ఉంటే చాలు."

నాకు మింగుడు పడలేదు. మర్నాడు కఫీల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రోగి సంగతి పై వైద్యుడే చెప్పాలన్నది నియమం. ఆవిడకు ఫోన్ ఇవ్వకుండా, అతను సహకరించడం లేదని నేనే చెప్పేశాను.

తర్వాతి సిట్టింగులో డాక్టరుగారు గోడకేసి తిరిగి కూర్చున్నారు. ఓబులేసు ఆవిడ వెనక కుర్చీలో.

"ఇప్పుడు నేనే కఫీల్ అయినట్టుండాదే!" అని నవ్వాడు. కాసేపటికి తనే మొదలుపెట్టాడు. "బడి కాడ మలుపులో చిన్నపాప డోరు తీసేసింది మేడమ్. బ్రేకు కొట్టినా. పాప పడలా. ఎవురికీ చెప్పలా, చెప్తే పంపించేస్తారని. అప్పట్నుంచి ఎనక చప్పుడైతే చేతులు రావు."

వెళ్తూ, మళ్లీ ఎప్పుడు రావాలని తనే అడిగాడు. చెప్పిన రోజున రాలేదు. ఫోన్ చేస్తే ఎయిర్‌పోర్టులో ఉన్నాడు.

"టికెట్ చేతిలో పెట్టినారు సార్. నేను సహకరించలేదంట. మేడమ్‌కు చెప్పండి, మాట్లాడినా గదా నేను!"

కఫీల్‌కు ఎవరు చెప్పారని డాక్టరుగారు అడిగారు. తెలియదన్నాను. ఆవిడ బతికుండగా నేను ఆ మాట దిద్దుకోలేదు.

రోగి మాట్లాడకపోవడం, సహకరించకపోవడం ఒకటి కాదు. ఏది ఏదో తేలేదాకా బయటివాళ్లకు ఏమీ చెప్పకూడదు.