రెక్సిన్ మీద రెండో కుట్టు

నెల్లిమర్ల జ్ఞానసుందరి చేతిలో పడిన వస్తువు ఏదైనా సరే, తిరిగి వచ్చేటప్పటికి కాస్త ఒళ్లు చేసి వచ్చేది. బైబిలుకు అట్ట కుట్టమని ఇస్తే లోపల మఖ్మల్ గుడ్డ, చుట్టూ జిప్పు, మూలలకి ముక్కలు వేసి ఇచ్చేది. స్కూటరు సీటు ఇస్తే మనిషి కూర్చున్నాడో పరుపెక్కాడో తెలియకుండా చేసేది. చర్చి హార్మోనియానికి ఆమె కుట్టిన తొడుగు విప్పేసరికి సగం కీర్తన అయిపోతోందని పాస్టరుగారు ఒకసారి అన్నారు. ఆమె ఆ మాటను మెప్పు కిందే జమ కట్టుకుంది.

ఈ గుణం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పడం కష్టమేమీ కాదు. తండ్రి నెల్లిమర్ల జనపనార మిల్లులో గోనెసంచుల మూతులు కుట్టేవాడు. పైకి కనపడే కుట్టు కన్నా లోపల పట్టుకునే కుట్టు ముఖ్యమని కూతురికి నేర్పింది ఆయనే. తల్లి పోయేనాటికి తమ్ముడు ఇమ్మానుయేలుకి ఇంకా మాటలు సరిగా రావు. ఈమెకు పరికిణీ వయసు. చలికాలం వాడి చొక్కా లోపల పాత దుప్పటి ముక్క వేసి కుట్టడంతో మొదలైంది ఆమె దర్జీపని. పెళ్లయి విజయనగరంలో కోట దగ్గరి సందులో చిన్న షాపు పెట్టుకున్నాక కూడా మనిషి మారలేదు. భర్త ఏసురాజు మిల్లు తెరిచినన్నాళ్లు మిల్లులోనూ, మూసినన్నాళ్లు షాపులోనూ ఉండేవాడు. మంచివాడే గానీ కడుపులో మాట దాచుకోలేని మనిషి.

ఇమ్మానుయేలు పెద్దవాడై నేవీలో చేరాడు. చివరికి విశాఖపట్నంలోనే, హెలికాప్టర్లు దిగే చోట, పైలట్ల హెల్మెట్లూ లైఫ్ జాకెట్లూ చూసుకునే విభాగంలో కుదురుకున్నాడు. ఒక ఆదివారం సెలవుకి వస్తూ చిరిగిపోయిన పట్టీ ఒకటి తెచ్చాడు. పైలట్ దాన్ని తొడకి కట్టుకుంటాడు. దానిమీద మడతపెట్టిన మ్యాపు ఉంటుంది, పైన పారదర్శకమైన ప్లాస్టిక్కు. చేతులు రెండూ ఖాళీ ఉండవు కాబట్టి తల వంచి దారి చూసుకోవడానికి అదీ ఏర్పాటు. జ్ఞానసుందరి అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని కుట్టినవాడెవడో గానీ అన్నం తినకుండా కుట్టాడని తీర్పు చెప్పి, కొత్తది కుట్టి ఇచ్చింది. అది ఒక పైలట్ నుంచి ఇంకో పైలట్‌కి పాకింది. కొన్నాళ్లకి ఆ చోట ఎగిరేవాళ్లందరి తొడలమీదా ఆమె పట్టీలే.

ఆమె విమానం ఎక్కలేదు, దగ్గర్నుంచి చూడను కూడా లేదు. అయినా బస్సులో వెళ్తుంటే హెలికాప్టరు చప్పుడు వినపడితే చాలు, కిటికీలోంచి తల బయటపెట్టి, అది మన పట్టీయే అయ్యుంటుందని పక్కవాళ్లకి చెప్పేది. పక్కవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు.

రెండువేల పదహారులో కాగితం మ్యాపులకి కాలం చెల్లే సూచనలు వచ్చాయి. వాటి బదులు ట్యాబులు పెట్టి చూస్తున్నారని ఇమ్మానుయేలు చెప్పాడు. మడతలు విప్పక్కర్లేదు, గాలికి ఎగరవు, ఉన్నచోటు ఎక్కడో అదే చూపిస్తుంది. ముందు కొన్నాళ్లు పక్కన సంచిలో కాగితాలు పెట్టుకుని ఎగురుతారు. బాగుందనిపిస్తే కాగితాలు మానేస్తారు. దానికి కొత్త రకం పట్టీ కావాలి. అప్పచేత కుట్టిస్తానని ఇమ్మానుయేలు ఆఫీసరుకి మాట ఇచ్చి వచ్చాడు. విజయనగరం వైపు జనం అక్కను అప్ప అనే అంటారు.

ట్యాబు గేటు దాటి బయటకి రాకూడదన్నారు. అందుకని అదే కొలతకి కోసిన ప్లైవుడ్డు చెక్క ఒకటి ఇచ్చి పంపారు. పట్టీ పల్చగా ఉండాలనీ, తొడమీద ఎత్తు పెరిగితే హెలికాప్టరు నడిపే కర్రకి అడ్డం వస్తుందనీ, స్పాంజి వద్దే వద్దనీ ఇమ్మానుయేలు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆమె సరేనంది. నల్ల రెక్సిన్‌తో పల్చగానే కుట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక అతను వచ్చి, చెక్కని లోపల దూర్చి, తొడకి కట్టుకుని, కూర్చుని లేచి చూసి, బాగుందని చెప్పి, కూరా అన్నం తిని కునుకు తీశాడు.

అతను అటు కళ్లు మూశాడో లేదో, ఈవిడకి ఇటు మనసు ఆగలేదు. పట్టీ చేతిలో పట్టుకుంటే ఎముకలు తగిలినట్టుంది. అంత ఖరీదైన వస్తువు, గాజు వస్తువు, ఎగిరే చోట ఊగిపోతూ ఉంటుంది. అడుగున మెత్త లేకపోతే ఎలా? కుట్టు విప్పింది. అరవేలు మందం స్పాంజి పరిచి, మళ్లీ మూసి కుట్టింది. బట్ట అయితే పాత కుట్టు విప్పినా ఉతికితే కన్నాలు పూడుకుంటాయి. రెక్సిన్ అలా కాదు, ఒకసారి సూది దిగితే ఆ కన్నం ఉండిపోతుంది. అందుకని పాత వరసని ఆనుకునే కొత్త వరస వేసింది. పరాయివాళ్లకి కనపడదు. చెక్కతో సహా కాగితంలో చుట్టి తమ్ముడి సంచిలో పెట్టింది. సోమవారం పొద్దున్న అతను విప్పి చూసి ఉంటే తెలిసిపోయేదే. అప్ప పనిని మళ్లీ చూడటమేమిటని చూడలేదు. అలాగే తీసుకెళ్లి ఇచ్చేశాడు.

కట్టుకున్న పైలట్ మెచ్చుకున్నాడు కూడా, తొడకి మెత్తగా ఉందని.

చెక్కకీ ట్యాబుకీ తేడా మే నెలలో తెలిసింది. చెక్క వేడెక్కదు. ట్యాబు వేడెక్కుతుంది. పైన అద్దంలోంచి ఎండ, లోపల దాని వేడి దానిదే, అడుగున ఆ వేడిని ఎటూ పోనివ్వని స్పాంజి. సముద్రం మీద కొంత దూరం వెళ్లేసరికి మ్యాపు పోయి, వేడెక్కింది అని ఒక ముక్క కనపడి, ఆపైన తెర నల్లబడింది. పక్కన సంచిలో కాగితం ఉంది కాబట్టి దాన్ని తీసి పరుచుకుని వెనక్కి వచ్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాగితాలు మానెయ్యాలా వద్దా అని తేల్చే పరీక్ష అది. ఎందుకు ఆరిపోయిందో ఇమ్మానుయేలుని రాతపూర్వకంగా చెప్పమన్నారు. ట్యాబు బయటకివ్వకుండా చెక్క ఇచ్చింది వాళ్లు, వద్దన్న స్పాంజి పెట్టింది ఈవిడ. తిలాపాపం తలా పిడికెడు.

ఇమ్మానుయేలు పట్టీ తీసుకుని వచ్చాడు. వేడెక్కి ఆరిపోయిందనీ, పెద్ద గొడవేం కాలేదనీ, స్పాంజి తీసేసి మళ్లీ కుట్టమనీ అన్నాడు. ఎందుకు పెట్టావని ఒక్క మాట అనలేదు. జ్ఞానసుందరికి అక్కడే అనుమానం వచ్చింది. అతను వెళ్లాక ఏసురాజుని రెండు ప్రశ్నలు వేస్తే సంగతంతా ఊడిపడింది. స్పాంజి తనే పెట్టమన్నానని ఇమ్మానుయేలు సంతకం చేసి ఇచ్చాడు, బావకి మాత్రం చెప్పుకున్నాడు. ఆ ఏడాదితో అతని సర్వీసు గడువు అయిపోతుంది. ఇంకో ఐదేళ్లు పొడిగిస్తే చీఫ్ పెట్టీ ఆఫీసరు అవుతాడు. పొడిగించమని రాయవలసింది ఆ కాగితం అందుకున్న ఆఫీసరే.

ఆ వేళ జ్ఞానసుందరికి తను చేసిన పనికి తమ్ముడి నౌకరీ పోతుందన్న ఒక్క మాటే బుర్రలో తిరిగింది. మర్నాడు ఇమ్మానుయేలుతో చెప్పకుండా, పట్టీ సంచిలో పెట్టుకుని విశాఖ బస్సెక్కింది.

గేటు దగ్గర చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి వచ్చినవాళ్లు కూర్చునే గదిలోకి ఆఫీసరే వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, మర్యాదస్థుడు. నీళ్లు తెప్పించాడు.

"మా తమ్ముడు సెప్పింది నిజం కాదు బాబూ. స్పాంజి నేనే ఎట్టినాను. ఆడికి తెలీదు," అంది ఆమె.

తనే పెట్టించానని అతను రాసిచ్చాడు కదమ్మా అన్నాడు ఆఫీసరు. అక్కగా తమ్ముణ్ణి వెనకేసుకొస్తోందని అతను అనుకున్నాడు, ఎవరైనా అదే అనుకుంటారు. ఆమెకి అది అర్థమైంది. పట్టీ తీసి, అంచు వెనక్కి విరిచి వెలుతురుకి ఎత్తింది. పక్కపక్కనే రెండు వరసల కన్నాలు. ఒక వరసలో దారం ఉంది, ఇంకో వరస ఖాళీ. ఖాళీ వరస స్పాంజి లేనప్పటిదనీ, తమ్ముడు చూసి బాగుందన్నది దాన్నేననీ, అతను పడుకున్నాక తను విప్పి రెండోది వేసిందనీ వివరంగా చెప్పింది. తన జన్మలో ఒక పనిలో లోపం ఇంత శ్రద్ధగా చూపించడం అదే మొదలు.

ఆఫీసరు పట్టీ చేతిలోకి తీసుకుని కన్నాల మీద గోరు పెట్టి పోనిచ్చాడు.

"అంటే అతను సంతకం పెట్టి ఇచ్చింది అబద్ధమన్నమాట," అన్నాడు.

ఆ మాట జ్ఞానసుందరికి వెంటనే ఎక్కలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ జరిగింది. తప్పు చేసినవాణ్ణి పైవాళ్లు క్షమిస్తారేమో. రాసిచ్చిన కాగితంలో అబద్ధమాడినవాడి సంగతి వేరు. ఆడు నా కోసం అలా రాసినాడు బాబూ అని ఏదో అనబోయింది. తెలుసమ్మా అన్నాడు ఆఫీసరు. ఆ తెలుసులో కోపం లేదు, సాయమూ లేదు.

పోతే పోయిందనుకుని ఆమె ఒకటడిగింది. చెక్క మీద కుట్టడం తన వల్ల కాదనీ, అసలు వస్తువుని ఒకసారి ముట్టుకోనిమ్మనీ. అతను ట్యాబు ఒకటి తెప్పించి, కిటికీ దగ్గర ఎండలో పెట్టి నడిపించాడు. ఆమె దాని వెనక అరచెయ్యి ఆనించి కూర్చుంది. మొదట చల్లగానే ఉంది. పోనుపోను జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా కాలింది. ఇంటికొచ్చి, అడుగు పూర్తిగా కోసేసి, నాలుగు మూలలా పట్టుకునే చట్రం మాత్రం కుట్టింది. మెత్త లేదు, అస్తరు లేదు. చూడటానికి ఆమెకే దిక్కుమాలినట్టుగా ఉంది. అది కట్టుకుని ఆ వేసవంతా ఎగిరారు. ట్యాబు మళ్లీ ఆరలేదు. ఇంకో డజను కుట్టమన్నారు, కుట్టి ఇచ్చింది.

ఇమ్మానుయేలు పొడిగింపుకి ఎవరూ రాయలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు, గడువు దానంతటదే అయిపోయింది. ఏడాది చివర్లో పెట్టె పట్టుకుని నెల్లిమర్ల వచ్చేశాడు. పెన్షన్ వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఖాళీగా ఉండలేక షాపుకి వచ్చి రెక్సిన్ కత్తిరించేవాడు. గీసిన గీత మీద కత్తెర పోయేది, మనిషి మాత్రం ముభావంగా ఉండేవాడు. అక్కాతమ్ముళ్లు బేరాల గురించీ కరెంటు గురించీ మాట్లాడుకునేవారు. ఆ సంగతి ఒకటే ఎత్తేవారు కాదు.

ఉగ్గబట్టుకుని ఉగ్గబట్టుకుని, ఒక మధ్యాహ్నం జ్ఞానసుందరే ఎత్తింది. స్పాంజి పెట్టి నీ నౌకరీ తీసేశానని నన్ను తిట్టెయ్యరాదా, ఈ ముంగితనం నేను పడలేకపోతున్నానంది.

అతను కత్తెర పక్కన పెట్టాడు.

"స్పాంజి ఎట్టినందుకు నాకు కోపం నేదప్పా. నువ్వు ఎట్టకపోతేనే ఇడ్డూరం. నువ్వెళ్లి సెప్పినందుకే."

"నీ మీద పడిందని తెలిసి ఎలాగూరుకుంటానురా?"

"పడనియ్యాల్సింది. ఏటైతే అదవుతాది, నేను మోసుకుందును. నా సిన్నప్పట్నుంచీ అన్నీ నువ్వే మోసినావు. ఒక్కటంటే ఒక్కటి నన్ను మోయనియ్యనేదు."

జ్ఞానసుందరి మిషను మీంచి కాలు తీసేసింది. సూది కింద గుడ్డ అలాగే ఉంచి, తమ్ముడి మొహంలోకి చూస్తూ కూర్చుంది.