పంటు ఎక్కితే వచ్చే మతిమరుపు

మడలదిబ్బలో గాజులమ్మే సాలేహాబీకి మతిమరుపు. ఊళ్ళో మతిమరుపు మనుషులు ఇంకో నలుగురైదుగురు లేకపోలేదు గానీ, వాళ్ళంతా ఇంట్లో కూర్చుని మర్చిపోయే రకం. సాలేహాబీ అలా కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడకి అన్నీ గుర్తే. పాయ దాటి అవతలి ఒడ్డున కాలు పెట్టాక, ఇంటి దగ్గర ఏదో వదిలేసి వచ్చానని గుర్తొచ్చేది. తిరిగొచ్చాక, ఆ హడావుడిలో అవతల ఇంకేదో వదిలేశానని గుర్తొచ్చేది. అలా రోజుకి నాలుగుసార్లు, ఒక్కోరోజు ఆరుసార్లు పంటు ఎక్కేది.

ఈ జబ్బు సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు శౌరయ్య. ఎందుకంటే ఆ పంటు నడిపేది అతనే.

మడలదిబ్బ కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉంది. ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ మడ అడవులూ ఉప్పు పాయలూ. విజయవాడలో ఎక్కిన బస్సు ఉయ్యూరు దాటి, అవనిగడ్డ దాటి, పాతరేవు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడితో రోడ్డు సరి. అక్కణ్ణుంచి అర కిలోమీటరు నీళ్ళు. రెండు పడవలు జోడించి, పైన చెక్కలు పరిచి, డీజిలు ఇంజను బిగించిన పంటు ఒక్కటే దారి. ఆస్పత్రి, హైస్కూలు, రేషను బియ్యం, పెళ్ళివారు, అన్నీ ఆ పంటు మీదే.

పొద్దున ఎనిమిదిన్నర పంటు పాతరేవులో ఆగేది. అందరూ దిగేవాళ్ళు. సాలేహాబీ కూడా దిగి, హైస్కూలు గేటు దాకా నడిచి, అక్కడ ఆగి, తల పట్టుకుని వెనక్కి వచ్చేది.

"శౌరయ్యా, గొడుగు."

"ఏ గొడుగమ్మా?"

"నాదే. ఇంట్లో మర్చిపోయా."

"వాన లేదు కదమ్మా."

"ఎండ ఉందిగా."

శౌరయ్య వెనక్కి తీసుకెళ్ళేవాడు. సాయంత్రం నాలుగింటికి అదే మనిషి మళ్ళీ రేవులో నిలబడేది. పొద్దున అవతల బడి వరండాలో చేతిసంచి పెట్టి మర్చిపోయిందట.

ఒకరోజు ఒకే చెప్పుతో వచ్చింది. రెండోది అవతలి ఒడ్డున బురదలో దిగబడిపోయిందని, తెచ్చుకోవాలని చెప్పింది. "ఒక్క చెప్పుతో ఇంటికెలా వెళ్ళావమ్మా పొద్దున?" అని శౌరయ్య అడిగితే, "అదే కదా, నేనూ ఇప్పుడే చూసుకున్నా" అంది. ఇంకోరోజు పంటు మధ్యలో ఉండగా, "ఇంతకీ ఏం మర్చిపోయావమ్మా ఇవాళ?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "అవతలికి వెళ్తే గుర్తొస్తుందిలే" అంది.

ఊరందరికీ ఆవిడంటే నవ్వు. వేటకెళ్ళే లాజరైతే రోజుకో మాట అనేవాడు. "ఏదో ఒకరోజు సాలేహాబీ, సాలేహాబీనే అవతల మర్చిపోయి వచ్చేస్తుంది, చూస్తూండండి." ఈ మాట ఆవిడ ముందే అనేవాడు. ఆవిడ కూడా నవ్వేది. "అప్పుడు నువ్వే వెళ్ళి తెచ్చిపెట్టు లాజరూ. మనిషిని గుర్తుపడతావుగా" అనేది.

శౌరయ్యకి మాత్రం ఒక అనుమానం ఉండేది. తొంభై ఏడులోనో ఎప్పుడో పంటు ఇంజనులో ఒక పార్టు అరిగిపోతే దాన్ని పట్టుకుని విజయవాడ వెళ్ళాల్సొచ్చింది. సాలేహాబీ గాజుల సరుకు కోసం నెలకోసారి ఎటూ వెళ్తుంది. ఆవిడ కొడుకు ముస్తఫా ఆటోనగర్‌లో మెకానిక్కు. అందుకని ఇద్దరూ కలిసి వెళ్ళారు.

బెంజ్ సర్కిల్లో దిగి టీ తాగి పది అడుగులు వేశారో లేదో, సాలేహాబీ ఆగింది. "శౌరయ్యా, నీ పార్టు టీకొట్టు బల్ల మీద ఉండిపోయింది." పరిగెత్తుకెళ్ళి తెచ్చుకున్నాడు. తరవాత వన్‌టౌన్‌లో గాజుల కొట్టుకి వెళ్ళారు. అక్కడ ఆవిడ చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు. "లాజరు పెళ్ళానికి రెండూ ఆరు, ఆకుపచ్చ. మీ తెరేసమ్మకి రెండూ ఎనిమిది. మొన్నటిదాకా రెండూ ఆరే, ఈ మధ్య చెయ్యి కాస్త లావైంది. రేవు పక్కింటి కొత్తకోడలికి రెండూ నాలుగు" అంటూ మడలదిబ్బలో ఉన్న ఆడవాళ్ళందరి చేతి కొలతలూ అప్పజెప్పింది. కొట్టువాడు తీసిస్తూ పోయాడు.

సాయంత్రం ఆటోనగర్‌లో ముస్తఫాతో అన్నాడు, "మీ అమ్మగారికి ఊళ్ళో మతిమరుపు బాగా ఎక్కువైంది. డాక్టరుకి చూపించకూడదూ?"

ముస్తఫా చేతిలో పానా పక్కన పెట్టాడు. "మా అమ్మకి మతిమరుపా? నేను మూడో క్లాసులో పోగొట్టిన పెన్సిల్ గురించి ఇప్పటికీ అడుగుతుందండీ."

తిరుగు బస్సులో శౌరయ్య బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. ఉప్పుగాలి పడక వచ్చిన జబ్బు ఇది, విజయవాడ నీళ్ళు పడితే తగ్గిపోతోంది. ఇంటికెళ్ళి భార్య తెరేసమ్మతో కూడా అలాగే చెప్పాడు. తన చెయ్యి లావైన సంగతి ఊరందరికంటే ముందు గాజుల కొట్టువాడికి తెలిసిందని విని తెరేసమ్మ మిగతాది వినిపించుకోలేదు.

మరుసటి ఏడాది మడలదిబ్బకి వంతెన వేసే మాట వచ్చింది. వేస్తామని కాదు, వెయ్యాల్సినంత రాకపోకలు ఉన్నాయో లేవో చూస్తామని. లక్ష్మీకాంత్ అనే కుర్ర ఇంజినీరు విజయవాడ నుంచి వచ్చి, పాతరేవులో టార్పాలిను కింద కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఏడు రోజుల పాటు పంటు ఎక్కిన ప్రతి మనిషి పేరూ, ఎక్కిన వేళా, వెళ్ళే పనీ రాసుకోవాలి. మంగళవారం మొదలుపెట్టాడు. ఊరంతా ఆ కాగితాల మీదే ప్రాణాలు పెట్టుకుంది. అంతకుముందు రెండుసార్లు ఇలాగే చూసి, జనం చాలరని వెళ్ళిపోయారు.

శనివారానికి లక్ష్మీకాంత్ మొహం మారింది. శౌరయ్యని పిలిచాడు.

"ఈ సాలేహాబీ ఎవరండీ?"

"గాజులమ్మే ఆవిడ సార్. మంచి మనిషి."

"మంచి మనిషే కావచ్చు. చూడండి ఏం రాశానో." కాగితం ముందుకి జరిపాడు. వెళ్ళే పని అన్న చోట ఆవిడ పేరుకి ఎదురుగా వరసగా ఉన్నాయి: మర్చిపోయిన గొడుగు. మర్చిపోయిన కళ్ళజోడు. మర్చిపోయిన తాళంచెవి. ఏం మర్చిపోయారో మర్చిపోయారు.

"నిజమే సార్. ఆవిడకి జబ్బు."

"మా పైవాళ్ళకి ఇది చూపిస్తే ఏమంటారు? లెక్క పెంచడానికి ఊరివాళ్ళు ఒకే మనిషిని గిరగిరా తిప్పారంటారు. ఆవిడ ఒక్కరి వల్ల మిగతా అందరి పేర్లూ అనుమానంలో పడతాయి. ఆవిడవన్నీ కొట్టేస్తాను. అప్పుడేమో మొత్తం తగ్గిపోతుంది. ఏం చెయ్యమంటారు?"

శౌరయ్యకి ఆ పూటంతా అదే దిగులు. ఈ వంతెన రాకపోతే ఊరి ముందు సాలేహాబీ పరిస్థితి ఏమిటి? ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళే రేపు తిడతారు.

సోమవారం మధ్యాహ్నం చివరిసారి కాగితాలు సరిచూస్తూ లక్ష్మీకాంత్ పంటు మీదే కూర్చున్నాడు. ఆవిడ పేరు ఉన్నచోటల్లా పెన్సిలుతో చుట్టూ గీస్తున్నాడు. శౌరయ్య పక్కన కూర్చుని, కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ ఆగాడు.

"సార్, ఈ కాగితంలో చుట్టిన గీత లేదేం?"

"అది ఆదివారానిది. ఆ రోజు ఆవిడ రాలేదు."

"ఒక్కసారి కూడా రాలేదా?"

"లేదు. ఆదివారం ఏమీ మర్చిపోలేదనుకుంటా."

ఆదివారం శౌరయ్య చర్చికి వెళ్తాడు. ఆ రోజు పంటు అతని బదులు హనుమయ్య నడుపుతాడు. అందుకని నాలుగేళ్ళుగా ఈ సంగతి అతని కంట పడలేదు. ఎండాకాలంలో ఆవిడ మతిమరుపు నెమ్మదించడం మాత్రం గమనించాడు. వేడి చేసి తగ్గిందేమో అనుకున్నాడు. బడికి సెలవులని తట్టలేదు.

"ఆవిడ పేరుకి పైనా కిందా ఎవరున్నారో చదవండి సార్."

లక్ష్మీకాంత్ చదివాడు. పొద్దున పూట: లాజరు కూతురు సువార్త, జుబియా, ఇంకో తొమ్మిది మంది ఆడపిల్లలు. సాయంత్రం పూట: వాళ్ళే. గురువారం మధ్యాహ్నం: నెలలు నిండిన కొత్తకోడలు, ఆస్పత్రికి. శుక్రవారం: చూపు ఆనని ముసలమ్మ. ఎవరూ లేని పంటులో ఆవిడ ఒక్కతే ఉన్నది, వాళ్ళని దించి వచ్చేటప్పుడూ, తేవడానికి వెళ్ళేటప్పుడూ మాత్రమే.

"ఈ జబ్బు ఎప్పుణ్ణుంచి?" అని అడిగాడు లక్ష్మీకాంత్.

శౌరయ్య ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పాడు. తొంభై నాలుగులో, వానాకాలంలో, బడి పిల్లలతో నిండుగా ఉన్న పంటుకి నడి పాయలో ఇంజను ఆగిపోయింది. సముద్రం వెనక్కి తీసే వేళ, పాటు లాగేస్తోంది. పంటు సముద్రం వైపు కొట్టుకుపోయింది. మూడు గంటల సేపు. శౌరయ్య ఇంజనుతో కుస్తీ పడుతుంటే పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఆ రోజు గాజుల మలారంతో సాలేహాబీ కూడా అందులో ఉంది. ఒక్కొక్క పిల్లనే దగ్గరికి పిలిచి, "చెయ్యి కదపకు, గాజు చిట్లుద్ది" అంటూ గాజులు తొడుగుతూ కూర్చుంది. తాడు కట్టి లాగడానికి వేట పడవ వచ్చేసరికి ఆ పిల్లల చేతుల నిండా గాజులు, మలారం ఖాళీ. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి ఊళ్ళో ఒక్క ఆడపిల్లనీ హైస్కూలుకి పంపలేదు. శౌరయ్య మొహం చూసి ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతనికి ఎక్కువ బాధ. నెల తిరిగేసరికి ఎందుకో ఒక్కొక్కరే మళ్ళీ రావడం మొదలైంది. తన ఇంజను మీద నమ్మకం కుదిరిందనుకున్నాడు.

నాలుగింటికి సాలేహాబీ రేవులోకి వచ్చింది. "శౌరయ్యా, నా మలారం గుడ్డ అవతల—"

"అమ్మా, ఆదివారం ఏమీ మర్చిపోలేదేం?"

ఆవిడ అతన్ని చూసింది. ఒళ్ళో కాగితాలు పెట్టుకున్న ఇంజినీరుని చూసింది. పంటు ఎక్కి చెక్క మీద కూర్చుంది.

"తోడు వెళ్తానని ముందే అడిగానయ్యా. లాజరు ఇంటికి వెళ్ళి, మీ సువార్తతో రోజూ నేను వెళ్తా, బడి మాన్పించకు అన్నా. 'నీకెందుకమ్మా శ్రమ, మా పిల్ల కోసం నువ్వు తిరగడం బాగుండదు' అన్నాడు. అందరూ అదే మాట. మొహమాటం. అదే గొడుగు మర్చిపోయానంటే ఎవరికీ మొహమాటం లేదు. నవ్వుకుంటారు. 'ఎటూ సాలేహాబీ పంటులో ఉంటుందిగా, పోనీ' అని పంపిస్తారు."

"నాలుగేళ్ళా అమ్మా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"మర్చిపోవడానికి రోజుకో వస్తువు వెతుక్కోవడమే కష్టం బాబూ. మొన్న నిజంగానే కళ్ళజోడు పోయింది. ఎవరూ నమ్మలేదు."

శౌరయ్య ఇంజను తొట్టి వైపు తిరిగి, చేతులు తుడుచుకుంటున్నట్టు చాలాసేపు గుడ్డ నలిపాడు. "నా ఇంజను కోసమా అమ్మా ఇదంతా?" అన్నాడు చివరికి.

"నీ ఇంజనుకేం. ఆ రోజు తప్ప మళ్ళీ ఎప్పుడైనా ఆగిందా? భయం ఆగలేదు, అంతే. ఊళ్ళో మాత్రం చెప్పకండి. చెప్తే రేపట్నుంచి మళ్ళీ మొహమాటం మొదలవుతుంది."

లక్ష్మీకాంత్ చుట్టిన గీతలన్నీ రబ్బరుతో చెరిపేశాడు. వెళ్ళే పని అన్న చోట రాసినవన్నీ కొట్టేసి, ఒక్కొక్కదాని పక్కనే 'బడిపిల్లలకు తోడు', 'ఆస్పత్రికి తోడు' అని రాశాడు. కింద ఖాళీ జాగాలో, ఈ దీవిలో ఆడపిల్లల చదువు ఒక మనిషి తీరిక మీద ఆధారపడి ఉందని రెండు వాక్యాలు చేర్చాడు. ఈ కాగితం విజయవాడలో ఫైల్లో ఉంటుందనీ, మడలదిబ్బలో ఎవరూ చూడరనీ ఆవిడకి మాటిచ్చాడు.

ఆ రెండు వాక్యాల వల్లే వంతెన వచ్చిందని చెప్పడానికి లేదు. ఎన్నో అర్జీలు వెళ్ళాయి, ఎందరో తిరిగారు. మొత్తానికి రెండువేల నాలుగు ఎండాకాలంలో వంతెన తెరిచారు. జూన్‌లో బడి తెరిచే రోజుకి బస్సు ఊరి నడిబొడ్డు దాకా వచ్చి, ఆడపిల్లల్ని ఇంటి గుమ్మాల దగ్గర ఎక్కించుకుని వెళ్ళింది. అప్పటికే సువార్త చదువైపోయి, అవనిగడ్డలో నర్సుగా చేరింది. పంటు ఒడ్డెక్కింది. శౌరయ్య వంతెన మొదట్లో టీకొట్టు పెట్టుకున్నాడు. సాలేహాబీ మలారం పట్టుకుని ఊళ్ళోనే ఇల్లిల్లూ తిరగసాగింది.

ఒక నెల గడిచాక ఊళ్ళో ఆడవాళ్ళు గమనించారు. సాలేహాబీ ఏమీ మర్చిపోవడం లేదు. గొడుగు చేతిలోనే ఉంటోంది. చెప్పులు రెండూ కాళ్ళకే ఉంటున్నాయి. లాజరు పెళ్ళాం ఉండబట్టలేక అడిగేసింది. "ఏం మందు వాడావు సాలేహాబీ?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "మెంతులు. రాత్రి నానబెట్టి, పరగడుపున గుప్పెడు. నమిలి మింగాలి."

ఆ వారంలో మడలదిబ్బలో మెంతులు దొరకలేదు. లాజరుకి వారానికే గుణం కనిపించింది. ఎప్పుడో పారేసుకున్న వల ఎక్కడ పెట్టాడో గుర్తొచ్చిందట. తెరేసమ్మ ఊరుకుంటుందా? అప్పటికి శౌరయ్య టీలో పంచదార వెయ్యడం రెండుసార్లు మర్చిపోయాడు. రోజూ పొద్దున్నే కొట్టు తెరవకముందే గిన్నె తెచ్చి అతని ముందు పెట్టేది.

ఒకరోజు అతను మెంతులు నములుతూ మొహం వికారంగా పెట్టి ఉండగా సాలేహాబీ అటుగా వచ్చింది.

"చేదుగా ఉందా శౌరయ్యా?"

"ఉందమ్మా."

"ఎన్నాళ్ళు తినమంది తెరేసమ్మ?"

"నీకు తగ్గడానికి ఎన్నాళ్ళు పట్టిందో అన్నాళ్ళు."

సాలేహాబీ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అసలు సంగతి ఒక్క ముక్క చెప్పేస్తే ఆ గిన్నె తప్పిపోతుందని శౌరయ్యకి తెలుసు. లోపల్నుంచి తెరేసమ్మ, "మింగావా?" అని కేకేసింది. అతను సాలేహాబీ వైపు చూసి, ఇంకో గుప్పెడు నోట్లో వేసుకున్నాడు.